చూసిందే సాక్ష్యమా? శాస్త్ర, వైద్య జ్ఞానంలో బొమ్మ, మాటతీరు

శాస్త్రవేత్త ముందు ఒక నిజాన్ని కనుక్కుంటాడు, ఆ తర్వాత దాన్ని పదిమందికి చెప్పడానికి బొమ్మలూ పోలికలూ వెతుక్కుంటాడు. చాలాకాలం చెలామణీలో ఉన్న అభిప్రాయం ఇది. గత యాభై అరవై ఏళ్లలో చరిత్రకారులు, తత్త్వవేత్తలు, మానవశాస్త్రవేత్తలు దీన్ని గట్టిగా కదిలించారు. జ్ఞానం తయారయ్యే దశలోనే బొమ్మకూ మాటతీరుకూ చెయ్యి ఉంటుందని చూపించారు. వారిలో కొందరు మరో అడుగు వేసి, శాస్త్రమంటే ఒప్పించే విద్యేనన్నారు. శాస్త్రవేత్తలు మండిపడ్డారు. ఈలోగా మనస్తత్వ పరిశోధకులు ప్రయోగాలు చేసి, బొమ్మలకూ పోలికలకూ మనం అనుకున్నంత మహిమ లేదేమోనని కొత్త అనుమానం తెచ్చారు.

ఫలితంగా ఈ చర్చ చిక్కుముడిగా మారింది. ఒకే మాట మీద వాదించుకుంటున్నట్టు కనిపించేవాళ్లు నిజానికి వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుతున్నారు. చర్చ ఎక్కడ మొదలైంది, ఏయే వర్గాలుగా చీలింది, ప్రయోగాల్లో నిలిచిందేమిటి, తేలకుండా మిగిలిందేమిటి అన్నది ఈ సమీక్షలో చూద్దాం.

మాటపై అనుమానం, బొమ్మపై నమ్మకం

1667లో లండన్ రాయల్ సొసైటీ చరిత్ర రాసిన థామస్ స్ప్రాట్, సభ్యులు అలంకారాలు మాని గణితంలా సాదాగా, సూటిగా రాయాలన్నాడు. 1690లో జాన్ లాక్, అలంకార ప్రయోగాలు ఆవేశాలను రేపి వివేచనను పక్కదారి పట్టిస్తాయని ఖండించాడు. మనసును తెల్లకాగితంతో పోల్చినవాడు కూడా ఆ లాకే. అలంకారాన్ని వెళ్లగొట్టినవాళ్లే అలంకారం లేకుండా నాలుగు మాటలు రాయలేకపోవడం తర్వాతి విమర్శకులకు బాగా పనికొచ్చింది.

మాటను అనుమానించిన ఆ శతాబ్దమే బొమ్మను నెత్తిన పెట్టుకుంది. 1610లో గెలీలియో దూరదర్శినిలో చూసిన చంద్రుణ్ణి వెలుగునీడలతో చిత్రించి, అక్కడ కొండలూ లోయలూ ఉన్నాయని చూపించాడు. అంతకు కొన్ని నెలల ముందే ఇంగ్లండులో థామస్ హారియట్ కూడా దూరదర్శినితో చూసి చంద్రుణ్ణి గీశాడు. వెలుగుకూ చీకటికీ మధ్య గీత ఎగుడుదిగుడుగా ఉందని గమనించాడు గానీ దాన్ని కొండలుగా గుర్తించలేదు. గెలీలియో పుస్తకం వచ్చాక హారియట్ గీసిన చంద్రుడిలో గుంటలు కనిపించాయి. గెలీలియోకు చిత్రలేఖనంలో, నీడల లెక్కలో శిక్షణ ఉండటమే ఈ తేడాకు కారణమని కళాచరిత్రకారుడు శామ్యూల్ ఎడ్జర్టన్ వాదించాడు. కంటికి ముందు చెయ్యి నేర్చుకోవాలన్నది ఆ వాదన సారం.

1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో చూసి అచ్చువేసిన పెద్ద మడత కాగితపు పేను, ఈగ కన్ను, బెండు ముక్కలోని అరలు యూరప్ చదువరులను ఆశ్చర్యపరిచాయి. జీవకణానికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆ అరల నుంచే వచ్చింది. అదే కాలంలో రాబర్ట్ బాయిల్ గాలి పంపుతో చేసిన ప్రయోగాలను చిన్నచిన్న వివరాలతో, విఫలమైనవాటితో సహా, యంత్రం బొమ్మతో సహా అచ్చువేశాడు. స్టీవెన్ షేపిన్, సైమన్ షాఫర్ 1985లో 'లెవయతన్ అండ్ ది ఎయిర్ పంప్' పుస్తకంలో దీన్ని విశ్లేషించారు. ప్రయోగశాలలో లేని చదువరిని కూడా సాక్షిగా నిలబెట్టడం బాయిల్ కనిపెట్టిన రచనా పద్ధతి అన్నారు. వినయంగా, వివరంగా, తన తప్పులు తానే చెప్పుకుంటూ రాయడం కూడా ఒప్పించే మాటతీరే. శాస్త్ర పత్రికల్లో ఈనాటికీ కనిపించే పొడి వాక్యం ఆ దారిలో వచ్చినదే.

అట్లాసుల చరిత్ర

ఈ చర్చలో ఎక్కువ పని జరిగింది వైద్యుల శరీర నిర్మాణ గ్రంథాల మీద. 1543లో బాసెల్ నగరంలో వెలువడిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ గ్రంథం 'ఫాబ్రికా' అందుకు మొదటి సాక్ష్యం. అప్పటిదాకా రాజ్యమేలిన ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ వర్ణనలు చాలావరకు కోతులు, పందులు వంటి జంతువుల కోతల నుంచి వచ్చినవని ఆ గ్రంథం బయటపెట్టింది. మనిషి కింది దవడ రెండు ఎముకలు కాదు, ఒక్కటే అని చూపించింది. ఆ దిమ్మ అచ్చు బొమ్మల వైభవం చిత్రకారుడు టిషియన్ చిత్రశాల పుణ్యమని చరిత్రకారుల అంచనా.

ఇందులో మెలిక ఏమిటంటే, ఐదేళ్ల ముందు 1538లో అచ్చువేసిన పటాల్లో ఆ వెసాలియసే గాలెన్ చెప్పిన ఐదు తమ్మెల కాలేయాన్నీ, మెదడు అడుగున ఉందన్న రక్తనాళాల వలనూ బొమ్మ గీయించాడు. ఆ వల పశువుల్లో ఉంటుంది, మనిషిలో ఉండదు. శవం ఎదురుగా ఉన్నా చెయ్యి పుస్తకాన్నే గీసింది. తర్వాత ఆయన తప్పు దిద్దుకుంటే, పారిస్‌లో ఆయనకు పాఠం చెప్పిన సిల్వియస్ మాత్రం గాలెన్ తప్పు రాయలేదనీ, అప్పటినుంచి మనిషి శరీరమే మారిపోయిందనీ వాదించాడు. బొమ్మ ఎంత బాగున్నా నమ్మకాన్ని ఒక్కరోజులో ఓడించలేదు.

1747 నాటి ఆల్బినస్ శరీర పటాల గ్రంథం, అంటే అట్లాసు, మరో సంగతి చెబుతుంది. కొలత తప్పకుండా ఉండటానికి అస్థిపంజరానికీ చిత్రకారుడు వాండెలార్‌కూ మధ్య దారాల చట్రాలు నిలబెట్టారు. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా ఆ ఎముకల్లోని లోపాలను సరిదిద్ది, పరిపూర్ణమైన మనిషి అస్థిపంజరాన్ని అచ్చువేశారు. ఆల్బినస్ దృష్టిలో అది మోసం కాదు. ఒక్కో శరీరంలోని వంకరలను దాటి ప్రకృతి అసలు నమూనాను చూపడమే పండితుడి పని.

ఫొటోగ్రఫీ వచ్చాక ఈ విలువ తలకిందులైంది. ద్రవపు బొట్టు పడి చిట్లే తీరును ఆర్థర్ వర్తింగ్టన్ ఏళ్ల తరబడి మెరుపు వెలుగులో చూసి, అందమైన సౌష్ఠవంతో గీశాడు. 1890లలో ఫొటోలు తీసేసరికి ఏ చినుకూ అంత పొందికగా లేదు. వంకరటింకర ఆకారాలను ఇన్నాళ్లూ తన మనసే సరిదిద్దుకుందని ఆయనకు అర్థమైంది. లొరైన్ డాస్టన్, పీటర్ గాలిసన్ 2007 నాటి 'ఆబ్జెక్టివిటీ'లో ఈ ఉదంతంతోనే మొదలుపెట్టి, అట్లాసుల చరిత్రలో మూడు ఆదర్శాలు గుర్తించారు. మొదటిది ప్రకృతి సారాన్ని చూపడం. రెండోది యంత్రానికి వదిలేసి మనిషి చెయ్యి అడ్డురాకుండా చూడటం. మూడోది శిక్షణ పొందిన కంటి తీర్పును ఒప్పుకోవడం. ఎక్స్‌రే చదివే రేడియాలజిస్టుది ఈ మూడోదే. ఈ విభజన మరీ పొందికగా ఉందన్న విమర్శ ఉన్నా, నిష్పాక్షికతకు కూడా ఒక పుట్టుకా చరిత్రా ఉన్నాయన్న వారి ప్రధాన ప్రతిపాదన నిలిచింది.

బొమ్మ దారితప్పడానికి ఎక్కువమంది చూపే ఉదాహరణ జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ హెకెల్ గీసిన పిండాలు. 1868లో ఆయన కుక్క, కోడి, తాబేలు తొలిదశ పిండాలకు ఒకే అచ్చుదిమ్మను మూడుసార్లు వాడాడు. తోటి శాస్త్రవేత్త రూటిమెయర్ పట్టుకున్నాక మార్చాడు. 1874లో చేప నుంచి మనిషి దాకా ఎనిమిది జంతువుల పిండాలను వరుసగా పేర్చిన పటం పాఠ్యపుస్తకాల్లో శతాబ్దానికి పైగా బతికింది. 1997లో మైకేల్ రిచర్డ్‌సన్ బృందం అసలు పిండాల ఫొటోలు పక్కన పెట్టి, తొలిదశల్లో పోలిక ఆ పటంలో చూపినంత దగ్గరగా లేదని తేల్చింది. పరిణామ వాదాన్ని వ్యతిరేకించేవాళ్లు దీన్ని పండగ చేసుకున్నారు. నిక్ హాప్‌వుడ్ 2015లో రాసిన చరిత్ర అంతకంటే లోతైనది. అనుమానం హెకెల్ బతికుండగానే బయటపడినా ఆ పటం ఎందుకు చావలేదన్నది ఆయన ప్రశ్న. ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి నకలు దిగుతూ పోయే అలవాటే ఆయన చెప్పిన జవాబు.

బొమ్మ గీసినవాడి స్థానం మరో పాఠం. 1858 నాటి 'గ్రేస్ అనాటమీ'లో బొమ్మలన్నీ హెన్రీ వాండైక్ కార్టర్ గీసినవి. పేర్లను పక్కన అంకెలతో సూచించకుండా ఎముక మీద, కండరం మీదే రాయడం ఆ పుస్తకాన్ని విద్యార్థులకు దగ్గర చేసింది. హెన్రీ గ్రే మాత్రం ముఖపత్రం మీద కార్టర్ పేరును చిన్న అక్షరాలకు తగ్గించాడు. కార్టర్ ఆ ఏడాదే బొంబాయి చేరి, మన దేశంలో కుష్టు మీదా, మదుర పాదం అనే వ్యాధి మీదా పరిశోధన చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాడు.

బొమ్మల్లేకుండా శరీర జ్ఞానం నిలవదా అంటే, నిలుస్తుంది. వాగ్భటుడి 'అష్టాంగహృదయం' పద్యాల్లో ఉంది, కంఠస్థం చేయడానికి వీలుగా. చరిత్రకారుడు షిగెహిసా కురియామా 1999లో 1341 నాటి చైనా వైద్య పటాన్నీ, వెసాలియస్ పటాన్నీ పక్కపక్కన పెట్టాడు. మొదటిదాంట్లో సూది గుచ్చే స్థానాలున్నాయి, కండరాలు లేవు. రెండోదాంట్లో కండరాలున్నాయి, ఆ స్థానాలు లేవు. శరీరం ఒకటే. ఏది చూడదగినదో సంప్రదాయం ముందే చెప్పింది.

నాలుగు వాదాలు

ఈ చరిత్రనుంచి ఏం నేర్చుకోవాలన్న దగ్గర అభిప్రాయాలు చీలిపోయాయి.

మొదటిది తొడుగు వాదం. బొమ్మా పోలికా ఊతకర్రలు. సిద్ధాంతం నడక నేర్చాక వాటిని పారేయవచ్చు. తేలేది కొలతలోనూ మళ్లీ చేసి చూసిన ప్రయోగంలోనూ. ఫ్రెంచి తత్త్వవేత్త బాష్లార్ 1938లో పోలికలను జ్ఞానానికి అడ్డంకుల జాబితాలో చేర్చాడు. పనిచేసే శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ చాలామందిది ఈ వాదమే.

రెండోది అనివార్యతా వాదం. మాక్స్ బ్లాక్, మేరీ హెస్ 1960లలో, రిచర్డ్ బాయిడ్ 1979లో దీన్ని నిలబెట్టారు. కొన్ని రూపకాలకు బదులుగా పెట్టడానికి సాదా మాట లేదు. సిద్ధాంతం వాటితోనే కట్టి ఉంటుంది. జన్యువుల భాష వీరికి పెద్ద బలం. 1944లో భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ జీవ పదార్థంలో ఒక రహస్య లిపి ఉండాలని ఊహించాడు. 1960లలో నిరెన్‌బర్గ్, హరగోవింద్ ఖొరానా వంటివారు ఆ సంకేతాలను ఒక్కొక్కటిగా విప్పారు. రూపకం పరిశోధనకు ప్రశ్నలు అందించింది, జవాబులూ వచ్చాయి. అయితే లిలీ కే 2000లో చూపినట్టు, సమాచార శాస్త్రం లెక్కన అది నిజమైన గుప్తలిపి కాదు. ఎవలిన్ ఫాక్స్ కెల్లర్ 1995లోనే ఈ భాష జన్యువును యజమానిని చేసి కణాన్ని నౌకరును చేసిందని, అందువల్ల పిండం పెరిగే తీరుపై ప్రశ్నలు వెనకబడ్డాయని చెప్పింది. 2000 జూన్ 26న మానవ జన్యుపటం ముసాయిదాను ప్రకటించినప్పుడు జీవన గ్రంథం చేతికొచ్చిందన్న మాట మారుమోగింది. లక్ష దాకా ఉంటాయనుకున్న ప్రోటీన్ జన్యువులు ఇరవై వేల దగ్గర ఆగాక, ఆ గ్రంథం చదవడం అక్షరాలు తెలిసినంత తేలిక కాదని తేలింది.

మూడోది నిర్మాణ వాదం. దీనికి మూలపురుషుడు ల్వోవ్ నగరపు వైద్యుడు లుద్విక్ ఫ్లెక్. సిఫిలిస్ రక్తపరీక్ష ఎలా స్థిరపడిందో వివరిస్తూ 1935లో, శాస్త్రీయ వాస్తవాన్ని చూడాలంటే ఒక ఆలోచనా సమూహంలో సభ్యుడై ఉండాలన్నాడు. దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 1979లో లతూర్, వూల్గర్ ఒక ప్రయోగశాల పనిని గమనించి రాసిన పుస్తకంలో, అక్కడ జరిగేదంతా జీవపదార్థాన్ని గీతలుగా, పట్టికలుగా మార్చడమేనన్నారు. ఆ కాగితం ఎంత దూరమైనా చెదరకుండా వెళుతుంది, మరో కాగితంతో కలుస్తుంది, ఎదుటివాడి నోరు మూయిస్తుంది. శాస్త్రం బలమంతా అక్కడుందని లతూర్ 1986లో రాశాడు.

నాలుగోది విమర్శనాత్మక వాదం. రూపకంలో సమాజపు అసమానతలు దాక్కుని వస్తాయంటుంది. 1991లో మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్, పాఠ్యపుస్తకాల్లో శుక్రకణాన్ని వీరుడిలా, అండాన్ని ఎదురుచూసే కన్యలా రాస్తారని చూపించిన వ్యాసం ఇందులో ప్రసిద్ధం. శుక్రకణం ముందుకు నెట్టే బలం స్వల్పమని తేలాక కూడా వీరగాథ భాష పోలేదన్నది ఆమె వాదన. అండం చురుకుదనం పిండశాస్త్రవేత్తలకు ఎప్పుడో తెలుసని, పాఠ్యపుస్తకం వాక్యాలను చూపి శాస్త్రాన్నే నిందించడం అన్యాయమని జీవశాస్త్రవేత్త పాల్ గ్రాస్ తిప్పికొట్టాడు. ఇద్దరి మాటా కొంత నిజం. పరిశోధకులకు తెలిసినది విద్యార్థికి చేరే దారిలో కథగా మారుతుంది.

వీటికి పక్కన శాస్త్ర రచనను నేరుగా మాటతీరు దృష్టితో చదివినవాళ్లున్నారు. 1963లో పీటర్ మెడావర్, పరిశోధన నడిచిన తీరుకూ వ్యాసంలో దాన్ని పేర్చే తీరుకూ పొంతన లేదని, ఆ లెక్కన శాస్త్ర వ్యాసం ఒక మోసమేనా అని అడిగాడు. చార్లెస్ బేజర్మన్ 1988లో ప్రయోగ నివేదిక రూపం శతాబ్దాల పాటు ఎలా మారిందో తవ్వితీశాడు. అలన్ గ్రాస్ 1990లో శాస్త్రం మొత్తాన్నీ మాటతీరుగానే చదవవచ్చన్నంత దూరం వెళ్లాడు. అన్నిటికీ వర్తించే మాట దేన్నీ వివరించదని దిలీప్ గాంవ్కర్ ఆ వర్గానికి లోపలి నుంచే హెచ్చరిక చేశాడు. 1996లో భౌతికశాస్త్రవేత్త సోకల్ ఒక పత్రికలో బూటకపు వ్యాసం అచ్చువేయించి రేపిన దుమారం తర్వాత, అతివాదులు తగ్గారు. మిగిలినవాళ్లు పెద్ద ప్రకటనలు మాని చిన్న ఉదంతాలను నిశితంగా చూడటం మొదలుపెట్టారు.

వైద్యంలో యుద్ధభాష

వైద్యంలో ఈ ప్రశ్న పండితుల చర్చగా ఆగదు, రోగి దాకా వెళుతుంది. అందుకు మన సికింద్రాబాద్ మంచి సాక్ష్యం. 1897 ఆగస్టు 20న అక్కడ రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి రంగు కణాలు చూశాడు. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం శీర్షిక, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత రంగు కణాల గురించి అని మాత్రమే చెబుతుంది. అంత ఒదిగిన మాట. 1902లో అదే రాస్ అధికారుల కోసం రాసిన పుస్తకం పేరు 'మస్కిటో బ్రిగేడ్స్'. దోమల మీదికి దళాలను నడిపే భాష అది. రాసినవాడు ఒక్కడే, చదివేవాడు మారాడు. తోటి వైద్యుడి నమ్మకం సంపాదించాలంటే తగ్గి రాయాలి. సర్కారు నుంచి డబ్బూ మనుషులూ రావాలంటే యుద్ధం ప్రకటించాలి.

ఆ యుద్ధభాష వైద్యంలో పాతుకుపోయింది. 1971లో అమెరికా ప్రభుత్వం చేసిన క్యాన్సర్ చట్టాన్ని క్యాన్సర్‌పై యుద్ధమనే పిలిచారు. 2020 మార్చిలో మన ప్రధాని, మహాభారత యుద్ధం 18 రోజుల్లో ముగిసిందనీ కరోనాతో యుద్ధానికి 21 రోజులు పడుతుందనీ అన్నారు. 1978లో రచయిత్రి సుసాన్ సాంటాగ్ 'ఇల్‌నెస్ ఆజ్ మెటఫర్'లో రోగాన్ని రూపకాల నుంచి విడిపించమని కోరింది. యుద్ధమంటే ఓడినవాడు సరిగా పోరాడలేదన్న నింద మిగులుతుందన్నది అక్కడి నుంచి బలపడిన విమర్శ. తర్వాత ఎలెనా సెమీనో బృందం క్యాన్సర్ రోగులు స్వయంగా రాసుకున్న మాటలను పరిశీలించింది. యుద్ధభాష కొందరిని కుంగదీస్తే, కొందరికి పట్టుదల ఇస్తోంది. ప్రయాణం అన్న మెత్తటి పోలిక కూడా దారి తెలియనివాడిని భయపెట్టగలదు. కాబట్టి ఒక రూపకాన్ని నిషేధించి మరోదాన్ని విధించడం పరిష్కారం కాదని వారు తేల్చారు.

అంకెలు కూడా మాటతీరు నుంచి తప్పించుకోలేవు. 1982లో మెక్‌నీల్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ గురించి, వందకు 90 మంది బతుకుతారని కొందరికీ, 10 మంది చనిపోతారని మరికొందరికీ చెప్పింది. చావు లెక్క విన్నవాళ్లలో ఆపరేషన్ కోరుకున్నవాళ్లు తగ్గారు. వారిలో వైద్యులూ ఉన్నారు. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని రెట్టింపు చేస్తాయన్న హెచ్చరిక వెలువడింది. ఏడు వేలమందిలో ఒకరికి ఉన్న ప్రమాదం ఇద్దరికి పెరగడమే ఆ రెట్టింపు. భయపడి మాత్రలు మానేసినవారి వల్ల ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని గెర్డ్ గిగరెంజర్ లెక్క చూపాడు.

ఏ బొమ్మ లేదన్నది కూడా వైద్యాన్ని మలుస్తుంది. చర్మవ్యాధుల పుస్తకాల్లో ఎక్కువగా తెల్లచర్మం ఫొటోలే ఉంటే, ఎర్రబడటం, నీలిమారటం నల్లని, చామనఛాయ ఒంటి మీద ఎలా ఉంటాయో విద్యార్థికి తెలియదు. 2020లో లండన్ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే తన అధ్యాపకులతో కలిసి తెచ్చిన 'మైండ్ ది గ్యాప్' చేతిపుస్తకం ఈ లోటును లోకం ముందు పెట్టింది. ఆ పుస్తకాలే చదివించే మన వైద్య కళాశాలలకూ ఇది వర్తించే మాటే.

బొమ్మ ప్రాణం నిలిపిన సందర్భమూ మన దేశంలోనే ఉంది. మశూచి నిర్మూలనలో కార్యకర్తలు పొక్కులున్న పిల్లవాడి ఫొటో ముద్రించిన కార్డు పట్టుకుని ఊళ్లలో, సంతల్లో, ఇలాంటిది ఎక్కడైనా చూశారా అని అడిగారు. చదువురానివాళ్లు కూడా రోగం జాడ చెప్పగలిగారు. 1975 మే తర్వాత దేశంలో మశూచి లేదు. ఇక 2000ల తొలి ఏళ్లలో ఎయిడ్స్ ప్రచారంలో భాగంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోడల మీద కనిపించిన 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా' అన్న ప్రశ్న, జవాబు చెప్పకుండానే జనం నోట నానింది. ఎంతమంది అలవాట్లు మార్చుకున్నారన్నది వేరే లెక్క. అందరి నోటా పడటం, నడవడి మారడం ఒకటి కావు.

ప్రయోగాల్లో నిలిచిందెంత

పరిశోధకులు బొమ్మల ప్రభావాన్ని కొలవడం మొదలుపెట్టాక కథ మలుపు తిరిగింది. 2008లో మెకేబ్, కాస్టెల్, మెదడు చిత్రం జోడిస్తే అదే వ్యాసం ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుందన్నారు. ఈ మాట ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కింది. 2013లో మైకేల్ బృందం దాదాపు రెండు వేలమందితో పది ప్రయోగాలు చేస్తే ఆ ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. బొమ్మల మాయను హెచ్చరించిన వ్యాసమే చూడముచ్చటగా ఉండి నమ్మించిందన్నమాట.

రూపకాల సంగతీ అంతే. 2011లో థిబొడో, బొరొడిట్స్కీ, నేరాన్ని మృగంతో పోలిస్తే జనం శిక్షలు కోరతారనీ, వైరస్‌తో పోలిస్తే సంస్కరణలు కోరతారనీ చూపించారు. 2014లో స్టీన్ బృందం అలాంటి ప్రయోగమే చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఇక 2015లో హౌజర్, ష్వార్జ్, క్యాన్సర్‌ను శత్రువుగా చెబితే నివారణ కోసం పొగ, మద్యం తగ్గించుకోవాలన్న ఉద్దేశం సన్నగిల్లుతుందన్నారు. పోరాటంలో దాడికి చోటుంది గానీ, మానుకోవడానికి లేదన్నది వారి వివరణ.

బొమ్మ తయారీలో తప్పులకు మాత్రం ఆధారాలు గట్టిగా ఉన్నాయి. క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, గణాంకాల దిద్దుబాటు చేయకపోతే దాని మెదడు ఆలోచిస్తున్నట్టు రంగు చుక్కలు వస్తాయని నిరూపించింది. 2016లో ఎలిజబెత్ బిక్ బృందం 20,621 వ్యాసాలు వెతికి, 3.8 శాతంలో అనుమానాస్పద చిత్రాలున్నాయనీ, వాటిలో కనీసం సగం కావాలని మార్చినట్టు కనిపిస్తున్నాయనీ చెప్పింది. మాటల్లోనూ ఇదే ధోరణి. 2010లో ఇసబెల్ బూట్రన్ బృందం, ప్రధాన ఫలితం తేలని 72 చికిత్సా ప్రయోగాల సంగ్రహాలు చదివితే సగానికి పైగా వాటి ముగింపు వాక్యాల్లో ఫలితాన్ని అనుకూలంగా తిప్పి రాశారు.

పోల్చి చూస్తే

ఈ నాలుగు వాదాలూ ఒక్కో దశకు సరిపోతాయి. కనుగొనే దశలో అనివార్యతా వాదానికే బలం ఎక్కువ. గెలీలియో నీడలు, జన్యు సంకేతం అందుకు సాక్ష్యం. తోటివారిని ఒప్పించే దశను నిర్మాణ వాదం బాగా వివరిస్తుంది. పాఠంగా, ప్రచారంగా మారే దశలో విమర్శనాత్మక వాదం పదునైనది. హెకెల్ పటం, అండం కథ అక్కడివే. ఫలితాన్ని మళ్లీ పరీక్షించే దశలో తొడుగు వాదం చెప్పిందే నిలుస్తుంది. వెసాలియస్ 1538 తప్పును, వర్తింగ్టన్ సౌష్ఠవాన్ని దిద్దినది అదే. ఒక దశలో గెలిచిన మాటను నాలుగు దశలకూ సాగదీయడం వల్లే చర్చ ముడిపడింది.

మన తర్కశాస్త్రం దీనికి ఒక కొలబద్ద ఇస్తుంది. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం (గుర్తులను బట్టి ఊహించడం), ఉపమానం, శబ్దం అని జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెబుతుంది. గవయం అనే అడవి జంతువు ఆవులా ఉంటుందని విన్న పట్నవాసి అడవిలో దాన్ని చూసి గుర్తుపట్టడం ఉపమానం. మశూచి కార్డు చేసినది సరిగ్గా ఆ పనే. ఉపమానం విడి ప్రమాణం కాదని వైశేషికులు దాన్ని అనుమానంలో కలిపేశారు. బౌద్ధ తార్కికుడు దిగ్నాగుడు ప్రత్యక్షం, అనుమానం రెండే చాలన్నాడు. పోలిక జ్ఞానమా, ఊతకర్రా అన్న తగవు అక్కడా నడిచింది.

ఈ వర్గీకరణలో శాస్త్ర చిత్రం ఎక్కడ కూర్చుంటుంది? చూపరికి అది ప్రత్యక్షంలా తోస్తుంది. నిజానికి అది శబ్దం, అంటే ఒకరి సాక్ష్యం. 2020లో అమెరికా ఆరోగ్య సంస్థ చిత్రకారులు తయారుచేసిన, బూడిదరంగు బంతి మీద ఎర్రటి ముళ్ల కరోనా బొమ్మను లోకమంతా చూసింది. కాంతి తరంగం కంటే చిన్నదైన వైరస్‌కు రంగే ఉండదు. ఆ ఎరుపు ఎంచుకున్నది. అందులో దోషం లేదు, ఎంచుకున్నారని తెలిస్తే చాలు. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై, అంటే విషయం తెలిసినవాడూ నిజం చెప్పేవాడూ అయి ఉండాలన్నది నైయాయికుల షరతు. బొమ్మకూ అదే వర్తించాలి. ఎవరు, దేనినుంచి, ఏ యంత్రంతో, ఏది వదిలేసి తయారుచేశారో తెలిస్తేనే అది సాక్ష్యం. ఇలా చూస్తే బొమ్మను గుడ్డిగా నమ్మక్కర్లేదు, మాయ అని తోసేయక్కర్లేదు. సాక్షిని అడిగినట్టే దాన్నీ అడగవచ్చు.

తేలనివి

ఏ రూపకం సిద్ధాంతంలో భాగం, ఏది పారేయదగిన ఊతం అని ముందే చెప్పే గీటురాయి ఇంకా దొరకలేదు. తర్వాత వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తోంది.

రెండోది, ప్రయోగశాలలో ఒక్కసారి చూపిన బొమ్మకు ప్రభావం లేదని తేలితే, ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకంలో, టీవీలో చూసిన బొమ్మకూ లేదని అర్థమా? హెకెల్ పటం చరిత్ర కాదంటుంది. చరిత్రకారుల సాక్ష్యాన్నీ మనస్తత్వ ప్రయోగాన్నీ ఒకే తరాజులో తూచే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

మూడోది భయపెట్టే బొమ్మల నీతి. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి పొగాకు పెట్టెల మీద 85 శాతం జాగా హెచ్చరిక చిత్రాలదే. మంచి ఫలితం కోసం భయాన్ని వాడటం ఎక్కడిదాకా సమంజసం అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

నాలుగోది కృత్రిమ మేధ. 2024 ఫిబ్రవరిలో ఒక జీవశాస్త్ర పత్రిక, అర్థంలేని పేర్లతో, అసాధ్యమైన అవయవాలతో యంత్రం గీసిన ఎలుక బొమ్మను సమీక్ష దాటించి అచ్చువేసి, రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ బొమ్మ వికారంగా ఉండబట్టి దొరికింది. పొందికగా ఉన్నదాన్ని పట్టుకోవడానికి మూల చిత్రాలను పత్రికకు సమర్పించడం తప్పనిసరి చేయాలన్న డిమాండ్ ఉంది. దాని ఖర్చు, బాధ్యత ఎవరివో తేలలేదు.

ఐదోది మనకు దగ్గరిది. ఇక్కడ ప్రస్తావించిన రూపక ప్రయోగాలు తెలుగులో జరిగినవి కావు. క్యాన్సర్ అన్న మాట వినగానే తెలుగు కుటుంబం ఏ పోలికతో ఆలోచిస్తుందో, పదిమందిలో ఒకరికి ప్రమాదం అంటే దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో ఆ ఫలితాలను బట్టి చెప్పలేం. రోగికి తెలుగులో వివరించే వైద్యుడు ఆ పని రోజూ చేస్తున్నాడు, దాన్ని పద్ధతిగా గమనించి రాస్తే ఈ చర్చకు అది కొత్త సాక్ష్యమవుతుంది.